రోజు లెక్కన ఇల్లు

కోడంబాక్కానికి సెలవులు గడపడానికి ఎవరూ రారు. ఇక్కడ సముద్రం లేదు, కొండ లేదు, ముందు నిలబడి ఫొటో దిగేంత కోటా లేదు. ఉన్నదల్లా ఆర్కాట్ రోడ్డు మీద మెట్రో పనుల దుమ్ము, సాయంత్రమైతే బ్రిడ్జి మీద కదలని బస్సులు. అయినా మా పై వాటా నెలలో సగం రోజులకు పైగా నిండుతుంది. యాప్‌వాళ్లు దాన్ని ‘వెకేషన్ రెంటల్’ అంటారు. పెట్టెలు మోసుకుంటూ మెట్లెక్కేవాళ్ల మొహాలు చూస్తే ఆ పేరు పెట్టినవాళ్లు ఇటువైపు ఎప్పుడూ రాలేదని తెలిసిపోతుంది.

వచ్చేవాళ్లెవరంటే, మొదట వీసా కుర్రాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు. బ్రిడ్జి దాటి కోడంబాక్కం హై రోడ్డులో నుంగంబాక్కం వైపు పోతే అమెరికా వీసాకి వేలిముద్రలిచ్చే సెంటరు. ఇంటర్వ్యూ మాత్రం వేరే రోజు, జెమిని ఫ్లైఓవర్ దగ్గర కాన్సులేట్‌లో. అంటే రెండు రాత్రులు ఎక్కడో ఒకచోట తల దాచుకోవాలి. 2008లో హైదరాబాద్‌లో కాన్సులేట్ తెరిచాక ఇక తెలుగువాళ్లు ఈ పని మీద మద్రాసు రారనుకున్నాం. రద్దీ తగ్గింది గానీ పోలేదు. స్లాటు ఎక్కడ దొరికితే అక్కడికి పరుగు. ఆ తరవాత ఆసుపత్రివాళ్లు. కంటికైతే కాలేజీ రోడ్డులో శంకర నేత్రాలయ, పిల్లలకైతే నాగేశ్వర రోడ్డులో కంచి కామకోటి చైల్డ్స్ ట్రస్ట్, ఇటు వడపళనిలో విజయా. చివరగా చీరలవాళ్లు. పెళ్లి కుదిరిన ఇల్లు నలుగురైదుగురు ఆడవాళ్లతో, వాళ్ల వెనక సంచులు పట్టుకునే ఒక మగమనిషితో టి. నగర్ మీద పడుతుంది.

వీళ్లు కొత్తగా వస్తున్నవాళ్లేం కాదు. దిగే చోటే మారింది. మా చిన్నప్పుడు మద్రాసులో తెలుగు సంసారం అంటే నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టాలకి విడిది. వైద్యానికొచ్చే పెదనాన్న, సినిమా వేషానికొచ్చే ఎవరో వేలువిడిచిన మేనమామ కొడుకు, ఇద్దరూ ఒకే హాల్లో ఒకే చాప మీద. తిరుపతి దర్శనం చేసుకున్న టూరిస్టు బస్సులు అటునుంచి అటే మద్రాసు వచ్చి, తెల్లారేసరికి బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్ గారి ఇంటి ముందు నిలబడేవి. ఆయన్ని చూశాక వడపళని స్టూడియోల గేట్ల దగ్గర ఒక గంట, మెరీనాలో ఒక గంట. రాత్రికి బస్సులోనే నిద్ర. యాత్రికుడు చెన్నపట్నంలో గదికి పెట్టే ఖర్చు సున్నా.

తెలుగు సినిమా పరిశ్రమ హైదరాబాద్ తరలిపోయాక ఇక్కడ గదులు చాలా ఖాళీ అయ్యాయి. నాగిరెడ్డి గారి వాహినీ స్టూడియో ఫ్లోర్లుండే నేల మీద 2013లో మాల్ లేచింది. కానీ అదే నాగిరెడ్డి గారు 1972లో స్టూడియో పక్కనే మొదలుపెట్టిన విజయా హాస్పిటల్ మాత్రం ఆంధ్రా నుంచి జనాన్ని రప్పిస్తూనే ఉంది. సినిమా పిలుపు ఆగినా జబ్బు పిలుపు ఆగలేదు.

నిజమైన మార్పు వేరే చోట వచ్చిందని నా నమ్మకం. మా పై వాటాలో దిగేవాళ్లలో చాలామందికి ఈ ఊళ్లో సొంత చుట్టాలున్నారు. సాలిగ్రామంలో పినతల్లి ఉంటుంది, అశోక్ నగర్‌లో బావమరిది ఉంటాడు. వాళ్లింటికి వెళ్లి కాఫీ తాగి, పండ్లిచ్చి, రాత్రికి ఇక్కడికొచ్చి పడుకుంటారు. ‘అక్కడే ఉండొచ్చు గదమ్మా’ అని ఒకావిడతో అన్నాను. ‘ఉండొచ్చు గానీ అక్కా, వాళ్లది రెండు గదుల కొంప, ఇద్దరూ ఉద్యోగాలకి పోతారు. మా ఆయనకి కంటి ఆపరేషను. గంటకోసారి చుక్కలెయ్యాల. వాళ్ల నిద్ర చెడగొట్టి మేమేం సుఖపడతాం?’ అంది. ఆవిడ గదికిచ్చిన డబ్బు మొహమాటం తప్పించుకోవడానికి ఇచ్చిన డబ్బు. చుట్టం ఇంట్లో చన్నీళ్లు పోసుకున్నా ఆ రుణం పదేళ్లు మోయాలి. ఇక్కడైతే తాళంచెవి ఇచ్చేసే రోజుతో చెల్లు. చుట్టరికాలు పలచబడ్డాయని ఏడ్చేవాళ్లతో నేను కలవను. పలచబడిన మాట నిజమే అయినా, ఒకప్పుడు ఆ చాపలన్నీ పరిచి, ఆ కూరలన్నీ వండి చచ్చింది మా అమ్మ. ఆమెని ఎవరూ అడగలేదు.

అందుకే ఈ పనిలో పెట్టుబడి దేనిమీద పెట్టాలో తెలియాలంటే వచ్చేవాళ్ల అవసరం తెలియాలి. మా వీధిలో ఒకతను గోడ నిండా బొమ్మలు గీయించి, ఊయల వేలాడదీసి, లైట్లు మార్చాడు. ఫొటోలు బ్రహ్మాండం. ఆపరేషనయిన మనిషికి ఊయలెందుకు? ఫోన్‌లో నన్నడిగే ప్రశ్నలు ఎప్పుడూ అవే. లిఫ్టు ఉందా? బాత్రూంలో పట్టుకునే కడ్డీ ఉందా? గ్యాస్ పొయ్యి ఉందా, ఉత్త ఇండక్షనేనా? పెద్ద కుక్కరు ఉందా? తెల్లవారుజామున ఆటో దొరుకుతుందా? ఇవన్నీ అయ్యాక, గొంతు తగ్గించి, ‘నాన్‌వెజ్ వండుకోవచ్చా?’ ఈ ఊళ్లో సగం ఇళ్ల బోర్డు ‘శాకాహారులకు మాత్రమే’ కాబట్టి ఆ గొంతు తగ్గడం. నెల్లూరు మనిషిని మూడు రోజులు చేపలపులుసుకి దూరం చేసి ఏ హోస్టు బాగుపడ్డాడు? వండుకోమంటాను. కిటికీలు తెరవమంటాను.

వంటగదే అసలు బేరం. లాడ్జీ గది ఇంతకన్నా చవగ్గా దొరుకుతుంది. పథ్యం మనిషికి గంజి కాచే వీలు లాడ్జీలో లేదు. వచ్చే టైములు కూడా మారాయి. 2023 సెప్టెంబరులో విజయవాడ వందే భారత్ మొదలయ్యాక చీకటి పడ్డాక సెంట్రల్‌లో దిగేవాళ్లు పెరిగారు. రాత్రి పదకొండుకి గేటు తీసేందుకు తెలుగు తెలిసిన వాచ్‌మన్ ఉంటే సమీక్షల్లో నక్షత్రాలు వాటంతటవే పడతాయి.

ఇప్పుడు డబ్బు మాట. మూడు వారాల కిందట డాలస్ నుంచి మా దూరపు మరిది ఫోన్ చేశాడు. ‘వదినా, ట్రస్ట్‌పురంలో ఫ్లాటు చూశాను. కొని యాప్‌లో పెట్టేస్తే ఈఎంఐ అదే కట్టుకుంటుంది’ అన్నాడు. కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఇల్లు కోటి రూపాయలనుకుందాం. మామూలు అద్దె నెలకి 28 వేలు. రోజు లెక్కన 2,800 చొప్పున నెలలో 16 రాత్రులు నిండితే 44,800. చూడ్డానికి ఎక్కువే. అందులోంచి యాప్ కమిషను, పార్టీ మారిన ప్రతిసారీ తుడుపు, దుప్పట్ల ఉతుకు, ఏసీ కరెంటు, అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు, గ్యాసు, నీళ్ల క్యాన్లు, ఇంటర్నెట్ తీస్తే ఇరవై మూడు, ఇరవై నాలుగు వేలు పోతాయి. మిగిలేది ఇరవై ఒక్క వేలు. అద్దెకిస్తే వచ్చేదానికన్నా తక్కువ. 20 రాత్రులు నిండితే అప్పటికి అద్దెతో సమానం. ఇక 70 లక్షలు అప్పు చేసి ఇరవయ్యేళ్లు కడదామంటే, ఎనిమిదిన్నర వడ్డీకి ఈఎంఐ 60 వేలు దాటుతుంది. రెండు లెక్కలూ ఎక్కడా కలవవు. ఉన్న ఇల్లు ఖాళీగా పెట్టుకున్నవాళ్లకి ఇది పనికొస్తుంది, అదీ కింద మనిషి ఉంటేనే.

ఆదాయపు లెక్కకి ఎక్కని పనులూ ఉన్నాయి. గృహావసరాల కరెంటు కనెక్షను మీద వ్యాపారం చేస్తే బోర్డువాళ్లు ఊరుకోరు. విదేశీ పాస్‌పోర్టున్న అతిథి దిగితే ఇరవై నాలుగు గంటల్లోగా ఆ వివరాలు అధికారులకి పంపాలి. అమెరికా పౌరులైపోయిన మన పిల్లలు కూడా అందులోకే వస్తారు, వాళ్ల అమ్మానాన్నలు ఎంత నొచ్చుకున్నా. అసోసియేషను మీటింగుల్లో ‘లిఫ్టులో రోజూ కొత్త మొహాలు’ అన్న ఫిర్యాదు తప్పదు. అది న్యాయమైన ఫిర్యాదు. బార్సిలోనా అయితే 2028 నవంబరు నాటికి టూరిస్టు ఫ్లాట్లన్నీ మూయిస్తానని ప్రకటించింది. న్యూయార్క్ 2023 నుంచి, ఇంటాయన ఇంట్లో ఉంటే తప్ప ముప్పై రోజులకి తక్కువ అద్దె ఒప్పుకోవడం లేదు. మనకి అంత దూరం రాలేదు. న్యూయార్క్ షరతు మాత్రం నాకు నచ్చింది. యజమాని అదే కప్పు కింద ఉన్న ఇంట్లో తాగి అరిచే పార్టీలు దిగవు. అర్ధరాత్రి జ్వరం వస్తే తలుపు తట్టడానికి మనిషి ఉంటుంది.

మరిదికి ఇంకో మాటా చెప్పాను. నిండే రోజులు ఎండాకాలం సెలవుల్ని బట్టి రావు. మే నుంచి జూలై దాకా చదువుల వీసాలు. తరవాత టి. నగర్ దుకాణాల్లో తమిళ ఆడి మాసపు తగ్గింపులు. మనకి ఆషాఢంలో ముహూర్తాలుండవు గానీ శ్రావణం పెళ్లిళ్లకి చీరలు అప్పుడే కొంటారు. ఆసుపత్రికి కాలంతో పని లేదు. నవంబరు, డిసెంబరులో తుపాను కబురు వస్తే బుకింగులు ఒక్క పూటలో రద్దవుతాయి.

అన్నీ విని, ‘మెట్రో వస్తే రేటు పెరుగుతుందిగా వదినా?’ అన్నాడు. పెరుగుతుంది, ఇంటి ధర కూడా పెరుగుతుంది అన్నాను. ఫ్లాటు కొన్నాడని నిన్ననే తెలిసింది. నెల అద్దెకే ఇస్తాడట, అడ్వాన్సు ఎంత అడగొచ్చో కనుక్కోమన్నాడు.