అభిమాన భాష, చిత్తూరు భాష: ‘పుష్ప’ చర్చలో మరుగున పడిన ప్రశ్నలు

తెలుగు సినిమా అభిమానిని కేవలం భక్తుడిగా లెక్కగట్టడం సరికాదని ఎస్.వి. శ్రీనివాస్ తన పరిశోధనల్లో వాదించారు. అభిమాని తన కథానాయకుడి మీద హక్కు చెలాయిస్తాడు. ఆశించిన రూపంలో అతడు కనిపించకపోతే నిలదీస్తాడు. ఆ హక్కు ఎంత దూరం పోగలదో తిరుపతికి తెలుసు. 1983లో ఎన్.టి. రామారావును, 2009లో చిరంజీవిని శాసనసభకు పంపిన పట్టణమిది. ప్రజారాజ్యం పార్టీని 2008 ఆగస్టులో ప్రకటించింది కూడా ఇక్కడే. అయితే శ్రీనివాస్ ప్రధానంగా పరిశీలించింది సినిమా హాలు ముందరి అభిమానిని. సామాజిక మాధ్యమాల్లోని అభిమాని చేస్తున్న పని వేరు. ఒక చిత్రం గురించి దేన్ని చర్చించాలో, దేన్ని చర్చించకూడదో అతడు నిర్ణయిస్తున్నాడు. సాహసించి తీసిన చిత్రానికి దీనివల్ల కలిగే నష్టం సాధారణ చిత్రానికి కలిగే నష్టం కంటే ఎక్కువ.

చిత్తూరు జిల్లాకే చెందిన విమర్శకుడు కత్తి మహేష్ ఉదంతం ఇందుకు తొలి నిదర్శనం. 2018 జనవరి 10న త్రివిక్రమ్ దర్శకత్వంలో ‘అజ్ఞాతవాసి’ విడుదలైంది. ‘లార్గో వించ్’ (2008) అనే ఫ్రెంచి చిత్రంతో దానికి గల పోలికలపై ఆ చిత్ర దర్శకుడు జెరోమ్ సాల్ స్వయంగా బహిరంగంగా స్పందించాడు. అనుసరణకూ అనుకరణకూ నడుమ గీత ఎక్కడ అన్న ప్రశ్నను తెలుగు విమర్శ తీరికగా చర్చించవలసిన సమయమది. కానీ అప్పటికే కొన్ని నెలలుగా పవన్ కల్యాణ్ అభిమానులకూ మహేష్‌కూ మధ్య సాగుతున్న వివాదం ఆ నెలలోనే అతనిపై కోడిగుడ్ల దాడి దాకా వెళ్లింది. వార్త చిత్రం కాలేదు, విమర్శకుడయ్యాడు. మహేష్ మాటల్లో దురుసుతనం లేదనలేం. అయినా ఆ దురుసుతనాన్ని తూచిన వారిలో ఆయన వాదనలను తూచిన వారు తక్కువ.

‘పుష్ప: ది రైజ్’ (2021 డిసెంబరు 17) విషయంలో జరిగింది ఇంతకంటే సూక్ష్మమైనది. ఇక్కడ ఎవరి మీదా దాడి అక్కరలేకపోయింది. పొగడ్తే చర్చను కమ్మేసింది. ఈ చిత్రంలో సుకుమార్ చేసిన అసలు సాహసం భాషకు సంబంధించినది. ‘సమరసింహారెడ్డి’ (1999) మొదలుకొని వచ్చిన ఫ్యాక్షన్ చిత్రాల్లో రాయలసీమ కొడవళ్లకూ సుమోలకూ నేపథ్యమే తప్ప, కథానాయకుడి నోట సాంతం నిలిచిన నుడి కాదు. పుష్పరాజ్ మాత్రం మొదటినుంచి చివరిదాకా చిత్తూరు యాసలోనే మాట్లాడతాడు. ఊరూరా మారుమోగిన ‘అనుకుంటివా’ అన్న ఒక్క క్రియాపదాన్నే చూడవచ్చు. మధ్యాంధ్ర వాడుకలో ‘అనుకున్నావా’ అనవలసిన చోట గ్రాంథిక భాషలోని ‘తివి’ ప్రత్యయపు ఛాయ సీమ వాడుకలో ఇంకా సజీవంగా ఉంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’, ‘మిట్టూరోడి కతలు’ వంటి రచనల్లో ఈ నుడిని సేద్యానికీ తల్లిప్రేమకూ లేమికీ భాషగా నిలబెట్టారు. సినిమా దాన్ని ధిక్కారానికి భాషగా మార్చింది. ఈ మార్పులో ఏం మిగిలింది, ఏం పోయింది? విలువైన ప్రశ్న ఇది. అభిమానుల చేతిలో ఆ నుడి ఒక నినాదంగా, గడ్డం కింద చేయి రాసుకునే ఒక భంగిమగా కుదించుకుపోయింది.

వారు ప్రమాణంగా చూపింది వసూళ్లను. హిందీ అనువాదం ఒక్కటే 100 కోట్ల రూపాయలు దాటడం చిత్ర ఘనతకు తిరుగులేని రుజువైంది. ఆ హిందీ ప్రతిలో వినిపించేది శ్రేయస్ తల్పడే గొంతు. అందులో చిత్తూరు మాట ఒక్కటీ లేదు. (అనువాదకుడు మాత్రం చేతులు ముడుచుకోలేదు. వ్యాకరణం ప్రకారం ‘ఝుకూంగా’ అనవలసిన చోట ‘ఝుకేగా’ అనిపించి, ప్రామాణికేతర నుడికి మరొక ప్రామాణికేతర నుడిని వెదికాడు.) ఏ సాహసం వల్ల చిత్రం ప్రత్యేకమైందో, ఆ సాహసం వినిపించని ప్రతి లెక్కలతోనే దాని గొప్పతనాన్ని నిరూపించాలనుకోవడం విచిత్రం.

భాష తర్వాత శ్రమ. 2015 ఏప్రిల్ 7న తిరుపతి సమీపంలోని శేషాచలం అడవుల్లో జరిగిన ఎదురుకాల్పుల ఘటనలో తమిళనాడుకు చెందిన 20 మంది కూలీలు చనిపోయారు. ఎర్రచందనం దుంగ వెనుక ఉన్న మనుషులు వాళ్లు. ఆరేళ్ల తర్వాత వచ్చిన ఈ చిత్రంలో కథానాయకుడు కూలీగా మొదలై ముఠాకు నాయకుడవుతాడు. అతనితోపాటు చెట్లు నరికినవారు క్రమంగా తెర అంచులకు జరిగిపోతారు. ఈ జరుగుబాటు కథ అవసరమా, తారాకేంద్రిత కథనపు అలవాటా అని అడిగితే, ఇది వాణిజ్య చిత్రం, తర్కం వెదకరాదన్నది అభిమానుల నుంచి వచ్చే సాధారణ సమాధానం. 2023లో 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో అల్లు అర్జున్ ఉత్తమ నటుడిగా ఎంపికైనప్పుడు మాత్రం అదే చిత్రం కళాఖండం. పురస్కారానికి అర్హమైన కృతి ప్రశ్నకు అతీతం కాజాలదు.

విమర్శకు ఫలితమే ఉండదని కూడా అనలేం. వ్యానులో శ్రీవల్లి పట్ల నాయకుడి ప్రవర్తనపై ప్రేక్షకుల నుంచి అభ్యంతరాలు రావడంతో ఆ సన్నివేశ భాగాన్ని విడుదల తర్వాత తొలగించారు. నిర్మాతలు వినగలరు. వినవలసిన మాటలు వాళ్ల దాకా చేరడమే కష్టమవుతోంది. ‘పుష్ప 2’ నాటికి ఆ వీలు మరింత సన్నగిల్లింది. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ వద్ద తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణాలు కోల్పోయాక, చర్చంతా నటుడి అరెస్టు చుట్టూ రెండు శిబిరాలుగా చీలింది. చిత్రాన్ని గురించి మాట్లాడడమే అప్రస్తుతంగా తోచిన రోజులవి.

ఇందులో ఎక్కువ చింతించవలసిన అంశం మరొకటి ఉంది. అల్లు అర్జున్ పలికిన చిత్తూరు యాస ఎక్కడ అతికింది, ఎక్కడ బిసికింది అన్నది హైదరాబాద్ విమర్శకుడికంటే బాగా చెప్పగలిగినవారు తిరుపతి, పీలేరు, పుత్తూరు అభిమానులే. సినిమాను పలుమార్లు చూసి, ప్రతి సంభాషణనూ కంఠస్థం చేసినవారు వాళ్లు. ఆ నుడి వాళ్ల ఇంటి నుడి. వాళ్లు మాత్రం వసూళ్ల పట్టికలే పంచుకున్నారు.