తొడిమ ఊడకుండా

దీపావళి వెళ్లిన మూడోనాడు న్యూజెర్సీ నుంచి మా అమ్మాయి ఒక వీడియో పంపింది. ప్రిన్స్‌టన్ దగ్గర ఒక యాపిల్ తోట. ఏడేళ్ల మనవరాలు ఎర్ర స్వెటరు వేసుకుని, నడుం ఎత్తు గడ్డిలో, చేతికందే కొమ్మ కింద నిలబడి ఉంది. భుజానికి ఖాళీ సంచి. తోటలో అడుగు పెట్టేముందు ఆ సంచికి డబ్బు కట్టాలట, తర్వాత అది నిండేదాకా కోసుకోవచ్చట. అక్టోబరు ఆఖరు కాబట్టి గాలా, మెకింటాష్ అయిపోయాయి, చెట్ల మీద మిగిలినవి ఫుజీ, గ్రానీ స్మిత్. గేటు దగ్గర బోర్డు: చెట్టెక్కరాదు, కొమ్మలు ఊపరాదు, నిచ్చెనలు తేరాదు.

ఆ బోర్డు చూడగానే నాకు ఒళ్లు మండింది. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత గొడవ తెలిసిందే. పిల్లలు చెట్టెక్కాలి, మోచేతులు గీరుకుపోవాలి, పండు తినేముందు దాని కోసం కాస్త భయపడాలి అని ఎన్నిసార్లు రాశానో. మన కాయ మనం కోసుకోవడానికి డబ్బా? పైగా చెట్టెక్కడానికి వీల్లేదా? ఆదివారం ఫోన్లో అమ్మాయితో ఇదంతా అనాలని మనసులో వాక్యాలు పేర్చుకున్నాను. మాకు పండ్లు పెరట్లో ఊరికే దొరికేవి అన్నది అందులో మొదటి వాక్యం.

దొరికేవి, నిజమే. మా నాన్న టెక్కలి నుంచి బయల్దేరి ఖరగ్‌పూర్‌లో బండి మారి టాటానగర్‌లో దిగిన మనిషి. కదమాలో రెండు గదుల కంపెనీ క్వార్టరు ఇచ్చారు. ఈ జంషెడ్‌పూర్‌కు ఇంకా పునాదైనా పడకముందే, 1902లో, జంషెట్జీ టాటా కొడుకు దొరాబ్జీకి రాసిన ఉత్తరం సంగతి ఇక్కడ పుట్టిన ప్రతి పిల్లాడికీ తెలుసు. వీధులు వెడల్పుగా ఉండాలి, నీడనిచ్చే చెట్లు నాటాలి, వాటిలో సగం త్వరగా పెరిగేవి కావాలి అన్నాడాయన. అన్నట్టే ఊరంతా నీడచెట్లు వచ్చాయి. పండ్ల చెట్లు మాత్రం క్వార్టర్ల వెనక అమ్మలు నాటుకున్నారు. మా వెనక గోడవార అమ్మ జామ నాటింది. పక్క క్వార్టరు బెంగాలీ మాశీమా పెరట్లో పనస, ఎదురింట్లో మునగ.

జామ కోయడం మా ఇంట్లో చప్పుడు లేకుండా చేయాల్సిన పని. నాన్నకు సి షిఫ్టు పడిన వారం రాత్రి పదింటికి వెళ్లి పొద్దున్న ఆరింటికి వచ్చేవారు. పగలంతా నిద్ర. చెట్టు కింద స్నానాలగదికి రేకుల కప్పు ఉండేది. దాని మీద ఒక్క కాయ పడితే తుపాకీ పేలినట్టే. అందుకని అమ్మ దోటికి చిక్కం కట్టింది. పొడుగాటి వెదురు, చివర ఇనప కొక్కెం, కొక్కెం కింద గోనెపురి విప్పి అల్లిన వల. కొక్కేన్ని తొడిమ వెనక్కి పోనిచ్చి, చిక్కాన్ని కాయ కిందకి తెచ్చి, ఒక్క చిన్న గుంజు. కాయ వలలో మెత్తగా కూర్చునేది. గుంజు ఎక్కువైతే రెండు కాయలూ గుప్పెడు ఆకులూ ఊడొచ్చేవి, తక్కువైతే కొమ్మ ఊగి పక్క కాయ రేకు మీద పడేది. ఆ ఒడుపు నాకు రావడానికి రెండు కాపులు పట్టింది.

ఏది కోయాలో కూడా అమ్మే చెప్పింది. ముదురాకుపచ్చ పోయి లేతగా తిరిగి, చర్మం మీద కాస్త నిగారింపు వస్తే దోర. ఇంకా గరుకుగా, మందంగా కనిపిస్తే కసరు, దాన్ని ముట్టుకోవద్దు. వాసన వస్తే ఆలస్యమైపోయింది, సాయంత్రానికి గబ్బిలాలు వస్తాయి. చిటారు కొమ్మల్లోవి చిలకలకి. అవి కొట్టి కింద పడేసినదాన్ని కడిగి సగం మాశీమాకిచ్చి సగం మేం తినేవాళ్లం, చిలక కొట్టిన జామకు మించిన తీపి ఎక్కడుంది?

ఒక దసరా సెలవుల్లో నాన్న డ్యూటీలో ఉండగా దోటి పక్కన పెట్టి చెట్టెక్కాను. చివర్న ఉన్న కాయ అందక కొమ్మనే దగ్గరికి లాగాను. కొమ్మ చీరుకుంటూ వచ్చేసింది, బెరడు జానెడు పొడవున మొద్దు మీంచి ఊడింది. అమ్మ తిట్టలేదు. పేడా మట్టీ కలిపి గాయానికి మెత్తి, పాత పంచె ముక్క చుట్టింది. మరుసటి ఏటి వానాకాలానికి ఆ కింద నుంచే నాలుగు చివుళ్లు లేచాయి. వాటికే పూతొచ్చింది, వాటికే కాయలొచ్చాయి. లాగితే వస్తుంది, విరిగితే చిగురిస్తుంది, చెట్టంటే ఇంతే అని అప్పుడు నాకు స్థిరపడిపోయింది. ఏభై ఏళ్లు దాన్నే నమ్మాను. పిల్లల్ని చెట్టెక్కనివ్వండి అని రాసినప్పుడల్లా నా వెనక ఆ జామచెట్టే ఉంది.

ఆదివారం ఫోన్లో నా మొదటి వాక్యం పూర్తయ్యేలోపే మనవరాలు అందుకుంది. “తాతయ్యా, లాగకూడదు. ఇలా ఎత్తాలి.” కెమెరా ముందు ఒక యాపిల్ పట్టుకుని చూపించింది. కాయను అరచేతిలోకి తీసుకుని, తొడిమ కొమ్మకు అతుక్కున్నచోట బొటనవేలు ఆనించి, పైకి ఎత్తుతూ కొద్దిగా తిప్పాలి. పండినదైతే దానంతటదే చేతిలోకి వచ్చేస్తుంది. రాకపోతే వదిలేసి ఇంకోటి చూసుకోవాలి. “లాగితే ఏమవుతుంది?” అన్నాను. “వచ్చే ఏడు యాపిల్ ఉండేది అక్కడే. అది కూడా ఊడిపోతుంది,” అంది. తోటాయన పిల్లను చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, వేలు పెట్టి వచ్చే ఏటి మొగ్గను చూపించాడట.

ఫోన్ పెట్టేశాక పుస్తకాలు తీశాను. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. జామ కొత్త చిగురు మీద పూస్తుంది, అందుకే విరిచినా, కత్తిరించినా మళ్లీ కాస్తుంది. యాపిల్ తీరు వేరు. చాలా రకాల్లో కాపు ఎక్కువగా కురచ కణుపు రెమ్మల మీదే. ఆ రెమ్మ ఏడాదికి మహా అయితే వేలి గోరంత పెరుగుతుంది, ఏళ్ల తరబడి అక్కడే కాస్తుంది. ఈ ఏటి కాయ చెట్టు మీద ఉండగానే, వేసవిలోనే, వచ్చే ఏటి పూమొగ్గ పక్కన తయారవుతూ ఉంటుంది. కాయను గుంజితే రెండేళ్ల పంట ఒకేసారి చేతికొస్తుంది. ఆ చెట్లు పొట్టిగా ఉండటం కూడా ఎవరో కూర్చుని చేసిన పని. ఇంగ్లండులో కెంట్ ప్రాంతంలోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రం వాళ్లు వేరుమూలాలను ఏరి నంబర్లిచ్చారు. వాటిలో ఎం-9 మీద అంటుగడితే చెట్టు పొట్టిగానే ఆగిపోతుంది, కింది కొమ్మలు పిల్లల చేతికి అందుతాయి. నిచ్చెన అవసరం లేదు. ఎక్కితే మోసే బలం ఆ కొమ్మలకు ఉండదు.

మన భాషలో కాయనో పువ్వునో చెట్టు నుంచి తేవడానికి ఎన్ని మాటలున్నాయో ఆ రాత్రి లెక్కపెట్టుకున్నాను. మామిడి కోస్తాం, చింతకాయ రాలుస్తాం, ఉసిరి దులుపుతాం, పువ్వు తెంపుతాం, ఇప్పపువ్వు ఏరుతాం. ప్రతి చెట్టుకీ దాని పద్ధతి తెలిసిన చేయి ఒకటుండబట్టే ఆ మాటలు పుట్టాయి. యాపిల్‌ను ఎత్తడానికి మనకు మాట లేదు. ఆ చెట్టు మన దగ్గర లేదు కనక. పాత రకాలకు చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి వెయ్యి గంటలకు అటూ ఇటూగా తగలాలి, జంషెడ్‌పూర్‌లో అంత చలి ఎక్కడిది? 1916లో స్టోక్స్ అనే అమెరికన్ రెడ్ డెలిషస్ మొక్కలు తెచ్చి నాటింది సిమ్లా పైన కోట్‌గఢ్‌లో. తర్వాతెప్పుడో హిమాచల్ రైతు హరిమన్ శర్మ ఎండను తట్టుకునే హెచ్ఆర్ఎంఎన్-99 రకాన్ని తయారుచేశాక ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో కూడా యాపిల్ కాసింది. అక్కడ కాపు ఎండాకాలం చివర వస్తుంది, శరత్తులో కాదు. అయినా ఆ వార్త చదివిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో.

మంగళవారం సాక్చి బజారుకు వెళ్లాను. ఛఠ్ పండుగ ముందు ఆ బజారును చూడాలి. చేటలు, చెరకుగడలు, అరటిగెలలు, తలకాయంత డాభ్ నిమ్మకాయలు, సింగాడాలు, గుట్టలుగా యాపిళ్లు. నైవేద్యంగా చేటలో పెట్టే పండుకు గాయం ఉండకూడదు. చిలక ముట్టినదైతే అసలు పనికిరాదు. మా పెరటి జామకూ ఛఠ్ చేటకూ ఇంత తేడా. ఒకావిడ ఒక్కో యాపిల్‌నూ తొడిమ పట్టుకుని తిప్పి చూసి ఏరుకుంటోంది. నేనూ వంగి చూశాను. కాశ్మీర్ పెట్టెలోవి దాదాపు అన్నిటికీ తొడిమ ఉంది. ఇన్ని వందల మైళ్లు లారీలో కుదిపేసినా ఊడలేదు. లేనివాటిని దుకాణదారు పక్కన వేరే గుట్ట పోశాడు, సగం ధర. వాటిలో ఒకటి తీసుకుని చూస్తే, తొడిమ గుంటలో చర్మం చిన్న పెదవిలా చిరిగి, దాని అంచు అప్పుడే గోధుమరంగు తిరిగింది. కుళ్లు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆ పక్కనే పటమదా వైపు నుంచి వచ్చినావిడ విస్తరాకుల మీద సీతాఫలాలు పేర్చుకుని కూర్చుంది. అన్నీ కళ్లు విచ్చినవే, నొక్కు పడ్డది ఒక్కటీ లేదు. ప్రతిదానికీ అంగుళం తొడిమ కత్తితో కోసి ఉంది. ఎప్పుడు కోశావు అని అడిగితే, కళ్ల మధ్య గీత తెల్లబడగానే అంది. అప్పుడు కోసి ఆకుల్లో మాగేస్తుందట, చెట్టు మీదే పండనిస్తే పగిలి చీమల పాలు. బేరం ఆడకుండా ఆరు తీసుకున్నాను.

ఇక్కడి మా తెలుగువాళ్ల కార్తీక వనభోజనాలు ఈసారి డిమ్నా సరస్సు దగ్గర. ప్రతి ఏడూ ఉసిరిచెట్టు కింద వండిన పులిహోర తిని, అంత్యాక్షరి ఆడి తిరిగొచ్చేస్తాం, చెట్టును ఎవరూ ముట్టుకోరు. ఆ దారిలో జామతోట ఉన్న ఒక రైతు దగ్గరికి నిన్న వెళ్లాను. మా పిల్లలు పాతికమంది వచ్చి కోసుకుంటారు, కిలోకు బజారు ధర ఇస్తాను, మీవాళ్లు ఇద్దరు దగ్గరుండి చూపించాలి, వాళ్ల పూట కూలి కూడా నాదే అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. చెట్టు ఎక్కకూడదు అన్నాడు. సరే అన్నాను.

అమ్మ దోటి కొక్కెం నా దగ్గరే ఉంది, క్వార్టరు ఖాళీ చేసిన రోజు ఆవిడే మూట కట్టింది. తుప్పు గీకాను. వెదురు సాక్చిలో దొరికింది. చిక్కం అల్లడం ఇంకా సగంలో ఉంది.