రంధ్రాన్వేషణము

పరుల దోషములను వెదకుటయే వ్రతముగా గలవానిని రంధ్రాన్వేషి యని మనవారు ఈసడించుట పరిపాటి. గత వర్షకాలమున నా పడవ డెక్కులోనికి నీరు దిగిన నాటినుండి ఆ మాటయందు నాకు కొంత గౌరవము కలిగినది.

ప్రకాశం బ్యారేజికి ఎగువన నిలిచియుండు నిండునీటిపై సాయంకాలములు తిరుగుటకై నేనును, నా మిత్రుడొకడును కలిసి, ఎవరో వాడి విడిచిన చిన్న ఫైబరు పడవను కొంటిమి. దీపమునకు ఒక తీగయు, అడుగున చేరిన నీటిని తోడిపోయు పంపునకు ఒక రబ్బరు గొట్టమును డెక్కు గుండా పోవలసి వచ్చినది. నేనే స్వయముగా డ్రిల్లు పట్టి రెండు కన్నములు తొలిచి, తీగను గొట్టమును దూర్చి, స్నానాలగదిలో టైల్సు సందులకు పూసినట్లే చుట్టును సిలికాన్ దట్టముగా పూసి, ఘనకార్యము చేసితినని తలచితిని. శ్రావణము వెళ్లకముందే, గొట్టము దగ్గర కాలు మోపినచో డెక్కు మెత్తగా క్రుంగసాగెను. నీటిని వెలుపలికి పంపుటకై చేసిన కన్నమే నీటికి లోపలికి దారి యగుట చూచి నా మిత్రుడు నవ్విన నవ్వు ఇక్కడ వర్ణింపను.

మరమ్మతునకు వచ్చిన ముసలి మేస్త్రి సిలికాన్ పొరను గోటితో చివ్వున లాగివేసి, "మాష్టారూ, మీరు మూసింది కన్నం మూతి. నీళ్లు తాగేది కన్నం గోడ" అనెను.

ఆ ఒక్క మాటలో విద్య యంతయు నున్నది. మా పడవ డెక్కు రెండు ఫైబరు పొరల నడుమ ప్లైవుడ్ పెట్టి చేసినది. తొలిచినచోట ఆ కొయ్య అంచు బయటపడును. తీగ వెంట జారిన చుక్క పడవలోనికి రాకముందే కొయ్యలోనికి ప్రాకి, పైకి ఏ జాడయు కానరానీయక నెలల తరబడి దానిని కుళ్లబెట్టును. కావున మేస్త్రి కన్నమును ముందు పెద్దది చేసెను! కుళ్లిన కొయ్యను గీకి, కొన్నాళ్లు ఎండనిచ్చి, ఎపాక్సీ ముద్దతో పూర్తిగా నింపి, అది రాయివలె గట్టిపడిన పిమ్మట దాని నడుమ తగినంత సన్నని కన్నము మరల తొలిచెను. తీగకు రబ్బరు వలయము గల గ్లాండు బిగించెను. ఇంజను అదురునకు తీగయు అదరును గనుక, దానిని పట్టుకొనునది కొంత సాగునదై యుండవలెనట. గొట్టమును నిటారుగా దించక, హంస మెడవలె వంచి మూతిని క్రిందికి త్రిప్పెను.

ఇది కొత్త విద్యగా తోచి ఆశ్చర్యపడిన నేను డెల్టాలో పుట్టినవాడనే యని చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఏలూరు కాలువ, బందరు కాలువల క్రింద బ్రతుకుచున్న మన రైతు, గట్టులో తూము పెట్టునప్పుడు దాని చుట్టును బంకమట్టిని పొరలు పొరలుగా కాలితో త్రొక్కి గట్టిపరచుట ఎందుకు? తూములోని నీటికి అతడు భయపడడు. తూము వెలుపలి గోడనంటి ప్రాకు నీరే తెల్లవారునప్పటికి గండి యగును.

ఇక మసులా పడవ మాట. మచిలీపట్నపు పేరే దానికి అబ్బినదని కొందరందురు. చెన్నపట్నమున ఓడలు దూరముగా లంగరు వేసికొని నిలువగా, పెద్ద అలల మీదుగా సరకులను మనుష్యులను ఒడ్డునకు చేర్చిన పడవ అది. ఇనుప మేకు లేదు; పలకల అతుకులపై వత్తులు పరచి కొబ్బరిత్రాటితో కుట్టెడివారు. కుట్టు కుట్టునకు ఒక రంధ్రము! మేకు కొట్టిన పడవ ఒడ్డు తాకి పగులుచోట ఇది వంగి, సర్దుకొని, నిలిచెడిది. ఊరిన నీటిని తోడిపోయుటయు దానిలో పనియే. రెండు కన్నములకు బెంబేలెత్తిన నాకు ఆ కుట్టుపనివారు నిజమైన శాస్త్రజ్ఞులుగా తోచుచున్నారు.

పని ముగిసిన సాయంకాలము మేస్త్రి డెక్కు అడుగుభాగమంతయు పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి రాచి, పైన బిందెలతో నీరు కుమ్మరింపుమని నాకు చెప్పి, తాను టార్చిలైటుతో లోనికి దూరెను. తీగ దగ్గర పొడి, గొట్టము దగ్గర పొడి. మూడవ బిందె పోయునప్పటికి లోపలినుండి కేక వినబడినది. రెయిలింగు క్రింద, వెనుకటి యజమాని ఎప్పుడో మేకు ఊడదీసి రంగు పూసి మరచిన చిన్న బెజ్జము దగ్గర సుద్ద తడిసి నల్లబడినది.

"డ్రిల్లు ఇటు అందుకోండి మాష్టారూ" అనెను మేస్త్రి.