జమ్మి నీడన వనభోజనం

కార్తిక మాసంలో ఉసిరి చెట్టు కింద పూజ చేసి, అందరూ కలిసి భుజించడం తెలుగువారి పాత ఆచారం. మన మారిషస్‌లో పిక్నిక్ అంటే సముద్రతీరం, అద్దె బస్సు, సేగా పాట. వనభోజనమనే మాట ఎరిగిన పిల్లలు మా బడిలో తక్కువ. ఎమిరేట్స్‌లోని తెలుగువారు ఆ పేరునూ, మాసాన్నీ నిలుపుకొన్నారు. మెచ్చుకోవలసిందే.

ఆ నేలకు ఇటువంటి ప్రయాణాలు కొత్త కావు. విద్యుత్తు రాకముందు తీరవాసుల కుటుంబాలు వేసవిలో లివా, అల్ ఐన్ ఖర్జూరపు తోటలకు తరలిపోయేవి. మగవారిలో అనేకులు అప్పుడు ముత్యాల వేటలో సముద్రం మీద ఉండేవారు. ఈనాడు చలికాలంలో ఎడారిలో గుడారాలు వేస్తారు. కార్తికం సరిగ్గా ఎండ తగ్గే వేళకు వస్తుంది. 2022 జనవరి నుండి వారాంతపు సెలవు శుక్ర, శనివారాలకు బదులు శని, ఆదివారాలకు మారినందున కార్తిక ఆదివారం కూడా చేతికి వచ్చింది.

దుబాయిలోని ముష్రిఫ్ పార్కులో ఉసిరి బదులు గాఫ్ చెట్లున్నాయి. గాఫ్ అంటే మరేదో కాదు, దసరాకు మనం మ్రొక్కే జమ్మియే! ఎమిరేట్స్ జాతీయ వృక్షం, తెలంగాణ రాష్ట్ర వృక్షం ఒక్కటే.

అయితే ఆ నీడన కూర్చునేది ఎవరు? ఆంధ్రదేశంలో కులానికొక వనభోజనం పెట్టుకొంటున్నారు. అది నాకు మింగుడుపడదు. ఎమిరేట్స్‌లో గీత మరొక చోట ఉంది. వనభోజనం కుటుంబాల వేడుక. భార్యాబిడ్డలను రప్పించుకోవాలంటే నెలకు 4,000 దిర్హాముల జీతం, లేదా 3,000తో పాటు వసతి ఉండాలి. ముష్రిఫ్‌కు దూరం కాని ముహైస్నాలో, జనం సోనాపూర్ అనే చోట, కార్మికుల క్యాంపులున్నాయి. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుండి వెళ్ళిన కూలీలు ఇటువంటి క్యాంపులలోనే ఒంటరిగా ఉంటారు. పిక్నిక్ ఫోటోలలో వారి జాడ నాకు కనిపించలేదు.

క్యాంపు అన్న మాట మనకు కొత్తదా? మన తాతలు చెరకు ఎస్టేటు క్యాంపులలోనే బ్రతికారు. 1867 చట్టం వచ్చాక, ఒప్పందం ముగిసినవారు సైతం ఫోటో అంటించిన టికెట్టు లేనిదే బయట తిరగలేకపోయారు. వారికి షికారు ఎక్కడిది? అందుకే నేను తంబోలా బహుమతుల పట్టికను కాదు, బస్సుల పట్టికను చూస్తాను. పార్కుకు వచ్చే బస్సులలో ఒక్కటైనా సోనాపూర్ నుండి బయలుదేరుతున్నదా?