పడవను లాగే ట్రక్కులో పనితనం

2012 అక్టోబరులో ఎండెవర్ స్పేస్ షటిల్‌ని లాస్ ఏంజిలిస్ వీధుల మీదుగా కాలిఫోర్నియా సైన్స్ సెంటర్‌కి తరలించారు. దారిలో 405 ఫ్రీవే మీది వంతెనను దాటించే కాస్త దూరం దాన్ని లాగింది ఒక టొయోటా టండ్రా పికప్ ట్రక్కు. షోరూముల్లో ఎవరికైనా అమ్మే రకమే అది. షటిలూ, దాన్ని మోస్తున్న చక్రాల చట్రమూ కలిపి 130 టన్నుల పైమాట. ఆ టండ్రా లాగగలదని కంపెనీ రాసిచ్చిన బరువు మాత్రం సుమారు నాలుగున్నర టన్నులు.

ఆ దృశ్యం చూసి ట్రక్కు బలానికి ముచ్చటపడనివాళ్ళు లేరు. అయితే చదునైన దారి, మనిషి నడకంత వేగం, సాఫీగా తిరిగే చక్రాలు ఉన్నప్పుడు కదిలించడం అంత కష్టం కాదు. అదే బండి రెండున్నర టన్నుల పడవను మండుటెండలో కొండ ఎక్కించాలన్నా, దిగేటప్పుడు అదుపులో పెట్టాలన్నా, పాచి పట్టిన ర్యాంపు మీంచి నీళ్ళు కారుతున్న పడవను పైకి తేవాలన్నా, దాన్ని తయారుచేసినవాళ్ళు ఎంతో ఆలోచించి ఉండాలి. ఆ ఆలోచన ఎక్కువగా బండి కిందా, తలుపు చాటునా, కంటికి ఆనని చోట్ల ఉంటుంది. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో స్థిరపడ్డ తెలుగువాళ్ళకి లూయిస్‌విల్ సరస్సు పక్కనే ఉంది, రెడ్ నది మీది టెక్సోమా సరస్సు గంట, గంటన్నర ప్రయాణం. పడవ కొనాలన్న ఆలోచన వచ్చిన ఇంట్లో ఆ వెంటనే వచ్చేది ట్రక్కు మాట. ఆ మాట దాదాపు ఎప్పుడూ హార్స్‌పవర్‌తోనే మొదలవుతుంది. నా మటుకు నేను దాన్ని ఆఖర్న చూస్తాను.

ముందు చూడాల్సినది అరిజోనాలో ఒక రోడ్డు. కొలరాడో నది మీది డేవిస్ డ్యాం దగ్గర మొదలై స్టేట్ రూట్ 68 ఎడారి కొండల్లోకి ఎగబాకుతుంది. పదకొండు మైళ్ళ పైచిలుకు దూరంలో దాదాపు 3,000 అడుగులు ఎక్కుతుంది. ఎస్‌ఏఈ అనే వాహన ఇంజనీర్ల సంస్థ, బండ్లు ఎంత బరువు లాగగలవో తేల్చడానికి 2008లో ప్రచురించిన జె2807 ప్రమాణానికి ఈ ఎక్కుడే గీటురాయి. బయట ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తగ్గకూడదు. ఏసీ పూర్తిగా వేసి ఉంచాలి. కంపెనీ ఎంత బరువు లాగగలనని చెప్పుకుంటుందో అంత బరువు వెనక తగిలించుకుని, గంటకి 40 మైళ్ళ వేగం తగ్గకుండా, ఏదీ చెడిపోకుండా పైకి చేరాలి. ఇది కాక 12 శాతం వాలులో నిలబడ్డ చోటు నుంచి అయిదు నిమిషాల్లో అయిదుసార్లు ముందుకు, అలాగే వెనక్కి కదలగలగాలి. పడవల ర్యాంపులు ఎక్కువగా 12 నుంచి 15 శాతం వాలులోనే కడతారు. కాబట్టి పడవ యజమానికి ఈ రెండో పరీక్షే మొదటిదానికన్నా దగ్గరి చుట్టం.

అంతకుముందు ప్రతి కంపెనీ తన అంకె తనే వేసుకునేది. ఆ పరీక్షలో ఏసీ ఉందో లేదో, లోపల మనుషులు ఎందరున్నారో కొనేవాళ్ళకి తెలిసే దారే లేదు. 2011 మోడళ్ళకి అందరికన్నా ముందు ఈ ప్రమాణాన్ని పాటించింది టొయోటా. దానివల్ల టండ్రా అంకెలు కొన్ని తగ్గాయి. పోటీదారుల కాగితాల మీద పాత పెద్ద అంకెలు అలాగే ఉండగా, తన అంకెను తగ్గించి ప్రకటించడానికి ధైర్యం కావాలి. డెట్రాయిట్ కంపెనీల మామూలు పికప్పులు ఈ దారికి రావడానికి 2015 మోడళ్ళ దాకా పట్టింది. టండ్రా వంతెన మీద షటిల్‌ని లాగిన రోజుకన్నా, ఆ అంకెను తగ్గించుకున్న రోజునే నేను ఎక్కువ మెచ్చుకుంటాను.

అయినా ప్రకటనలో ఉండే ఆ పెద్ద అంకె ఒక్కటే చాలదు. డ్రైవరు తలుపు తెరిస్తే గుంజ మీద పసుపు, తెలుపు రంగుల్లో ఒక చీటీ కనిపిస్తుంది. లోపల కూర్చునే మనుషులూ, వేసుకునే సామానూ కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో అందులో రాసి ఉంటుంది. ఫ్యాక్టరీలో ఆ ఒక్క బండికి లెక్కగట్టి అంటించినది అది. ఒకే మోడల్‌లో సాదా రకానికి ఎక్కువ, పెద్ద గాజు పైకప్పూ కరెంటు సీట్లూ ఉన్న ఖరీదైన రకానికి తక్కువ ఉంటుంది. సొగసు కోసం చేర్చిన ప్రతి వస్తువూ మోయగల బరువులోంచి తన వాటా తీసేసుకుంటుంది మరి.

ఒక లెక్క వేద్దాం. 22 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ ఒట్టి బరువు 4,000 పౌండ్లనుకుందాం. ట్యాంకులో 50 గ్యాలన్ల పెట్రోలు, గ్యాలన్‌కి ఆరు పౌండ్ల చొప్పున 300. ట్రైలర్ 1,000. బ్యాటరీలు, లంగరు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు, ఐసు పెట్టె కలిపి ఇంకో 300. మొత్తం 5,600 పౌండ్లు, రెండున్నర టన్నుల పైన. ఇందులో పదో వంతు, అంటే 560 పౌండ్లు, ట్రైలర్ ముందు కొస ద్వారా ట్రక్కు మీద వాలుతుంది. అయిదుగురు మనుషులు 750. ఇక చీటీ మీద 1,450 అని ఉంటే మిగిలింది 140 పౌండ్లే. అదే ట్రక్కు ప్రకటనలో 11,000 పౌండ్లు లాగుతుందని ఉండవచ్చు. లాగే శక్తిలో సగం వాడేసరికే మోసే శక్తి దాదాపు అయిపోయింది. పడవ అమ్మేవాళ్ళు చెప్పేది సాధారణంగా ఒట్టి బరువే కనక, ఈ కూడిక కొనేవాళ్ళే వేసుకోవాలి.

ముందు కొస మీద వాలే ఆ బరువుని టంగ్ వెయిట్ అంటారు. ఎడ్లబండి తోలినవాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. బస్తాలన్నీ వెనక్కి వేస్తే నొగ పైకి లేచి కాడి ఎద్దుల మెడ మీంచి తేలిపోతుంది, ముందుకి వేస్తే మెడలు ఒరుసుకుపోతాయి. రోడ్డు మీద 65 మైళ్ళ వేగంలో వెనక బరువు ఎక్కువైతే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలెడుతుంది. ఊపు పెరిగితే ట్రక్కునే ఈడ్చుకుపోతుంది. మామూలు ట్రైలర్లకి మొత్తంలో పది నుంచి పదిహేను శాతం ముందు ఉండాలంటారు. ఇంజన్ వెనక చివర ఉండే పడవలకి కాస్త తక్కువే ఉంటుంది. దీన్ని సరిచేయడానికి పడవ ట్రైలర్ మీద ముందు భాగాన్ని ఆపే స్తంభాన్ని, కొన్నిటిలో ఇరుసునే, అంగుళాల లెక్కన జరిపే వీలు పెడతారు. మంచి ట్రైలర్‌ని గుర్తుపట్టడానికి ఆ బోల్టుల దగ్గర వంగి చూస్తే చాలు.

ఇంకో అంకె ట్రక్కు వెనక బంపరు కింద, ట్రైలర్‌ని తగిలించే ఉక్కు గొట్టం మీదే ఉంటుంది. దాన్ని రిసీవర్ అంటారు. 2015 నుంచి 2020 దాకా వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150లలో చాలావాటి రిసీవర్ మీద మామూలుగా తగిలిస్తే 5,000 పౌండ్లనీ, టంగ్ వెయిట్ 500 అనీ ఉంటుంది. ఆపైన లాగాలంటే బరువుని ముందు చక్రాలకి కూడా పంచే ప్రత్యేకమైన హిచ్ వాడాలి. మన లెక్కలో పడవ 5,600 కదా. ఎక్కడో ఆఫీసులో రాసిన నిబంధన కాదిది, ఆ ఉక్కు అతుకుల బలం కొలిచి రాసిన మాట.

బండి కిందికి వంగి చూస్తే అసలు ఆనందం మొదలవుతుంది. ఎఫ్-150 పైభాగం 2015లో అల్యూమినియంకి మారింది, మొత్తం మీద 700 పౌండ్ల దాకా తగ్గింది. చట్రాన్ని మాత్రం ఉక్కుతోనే ఉంచారు. ఎక్కడ బరువు తగ్గించాలో, ఎక్కడ తగ్గించకూడదో తెలిసినవాళ్ళ నిర్ణయం అది. వెనక ఇరుసు మీద మన లారీ మెకానిక్కులు కమాన్ కట్టలనే లీఫ్ స్ప్రింగులు. ఖాళీ బండిలో పై పట్టీలే పనిచేస్తాయి. పడవ తగిలించి వెనక భాగం దిగగానే అడుగున ఉన్న మందపాటి పట్టీ వచ్చి తగులుకుని బరువు పంచుకుంటుంది. సెన్సరూ లేదు, మీటా లేదు, ఉక్కు వంపులోనే ఆ తెలివి ఉంది. ర్యామ్ 1500 కాయిల్ స్ప్రింగులకీ, తర్వాత కోరినవాళ్ళ కోసం ఎయిర్ సస్పెన్షన్‌కీ వెళ్ళింది. ఖాళీగా నడిపినప్పుడు ఆ మెత్తదనం హాయిగానే ఉంటుంది. వారం వారం పడవ లాగేవాళ్ళకి నేను చెప్పేది మాత్రం పట్టీలే.

ఫోర్డ్, జనరల్ మోటార్స్ కలిసి రూపొందించిన పది గేర్ల ట్రాన్స్‌మిషన్ 2017 ఎఫ్-150లో వచ్చింది. మొదటి గేరు నిష్పత్తి 4.69. దానికి ఇరుసు నిష్పత్తి 3.55 చేరితే ఇంజన్ తిప్పే బలం చక్రం దగ్గరికి వచ్చేసరికి పదహారు రెట్లు దాటుతుంది. ఆ ఏడాది 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ఇంజన్ 470 పౌండ్-అడుగుల టార్క్ ఇచ్చేది, అదీ 3,500 ఆర్పీఎం దగ్గర. ర్యాంపు మీద మెల్లగా పైకి వచ్చేటప్పుడు కావలసింది ఈ కింది వేగాల బలమే. టర్బో ఉండటం వల్ల కొలరాడోలో 11,000 అడుగుల పైన ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగం దాటి డిల్లన్ రిజర్వాయర్‌కి వెళ్ళినా పెద్దగా ఊపిరాడకపోవడం ఉండదు. టర్బో లేని ఇంజన్ అంత ఎత్తులో బలంలో పెద్ద భాగాన్నే పోగొట్టుకుంటుంది. టో-హాల్ మీట నొక్కితే గేర్లు మాటిమాటికి మారడం ఆగుతుంది, పల్లంలో బ్రేకు తొక్కగానే గేరు కిందికి దిగి ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఆ పనికంతటికీ పుట్టే వేడిని చల్లార్చే కూలర్లు టోయింగ్ ప్యాకేజీలో భాగం. వాడిన ట్రక్కు కొనేటప్పుడు రిసీవర్ కనబడింది కదా అని ఆ ప్యాకేజీ ఉందనుకోకూడదు, రిసీవర్‌ని తర్వాత ఎవరైనా బిగించుకోవచ్చు.

ఇక బ్రేకు. పడవ ట్రైలర్ చక్రాలు నీళ్ళలో మునుగుతాయి కనక మామూలు ట్రైలర్లలో ఉండే కరెంటు బ్రేకులు వీటికి సరిపడవు. సర్జ్ బ్రేకు అనే ఏర్పాటు ఉంటుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఇష్టమైన యంత్రం ఇదే. ట్రైలర్ ముందు కొసలో ఒక గొట్టంలో ఇంకో గొట్టం జారుతుంది. ట్రక్కు బ్రేకు వేయగానే వెనక నుంచి పడవ తన బరువుతో ముందుకి నెడుతుంది, ఆ నెట్టుడుకి లోపలి పిస్టన్ కదిలి ట్రైలర్ చక్రాలకి బ్రేకు నూనెను తోస్తుంది. ట్రక్కు ఎంత గట్టిగా ఆపితే పడవ అంత గట్టిగా నెడుతుంది, అంత గట్టిగానే తన చక్రాలు తనే పట్టుకుంటుంది. కరెంటు లేకుండా, డ్రైవరు పట్టించుకోకుండా, బరువు తనని తనే ఆపుకుంటుంది. ఒక్క చిక్కు: వెనక్కి నడిపితే కూడా అదే నెట్టుడు. అందుకని ట్రక్కు రివర్స్ దీపం వెలిగే తీగ నుంచి ఒక కొమ్మ ట్రైలర్‌కి పోతుంది. దీపం వెలగగానే ఆ కొమ్మ చిన్న వాల్వుని మూసి నూనె దారి ఆపేస్తుంది. ట్రైలర్ తగిలించే ప్లగ్గులో ఆ అయిదో తీగ ఉందో లేదో ముందే చూసుకోవాలి. టెక్సస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి బ్రేకులు తప్పనిసరి. సర్జ్ బ్రేకు ఉన్న ట్రైలర్‌కి డాష్‌బోర్డులోని బ్రేక్ కంట్రోలర్‌తో పని లేదు. ఆ డబ్బు రిసీవర్ మీద పెట్టడం మేలు.

ట్రైలర్ చక్రాల బేరింగులకీ ఇలాంటి చిన్న ఉపాయమే ఉంది. హైవే మీద వేడెక్కిన హబ్ చల్లని నీళ్ళలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని సీలు గుండా నీళ్ళు పీల్చుకుంటుంది. స్ప్రింగు ఉన్న మూత ఒకటి గ్రీజుని ఎప్పుడూ కొంచెం ఒత్తిడిలో ఉంచి ఆ నీళ్ళని రానివ్వదు.

ర్యాంపు దగ్గర వెనక్కి నడపడం మొదటిసారి ఎవరికైనా కష్టమే. స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకి పోతుంది, పొట్టి ట్రైలర్ అయితే కన్నుమూసి తెరిచేలోగా అడ్డం తిరుగుతుంది. 2016 ఎఫ్-150లో ఫోర్డ్ దీనికి ఒక నాబ్ పెట్టింది. ట్రైలర్ ముందు అంటించిన నలుపు తెలుపు గళ్ళ స్టిక్కర్ని వెనక కెమెరా చూస్తూ ఉంటుంది. ట్రైలర్ ఎటు పోవాలో నాబ్‌ని అటు తిప్పితే స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంది. బ్రేకూ, యాక్సిలరేటరూ మన కాళ్ళకే వదిలేస్తుంది. తిరగడం యంత్రానికి, ఆగడం మనిషికి అని పని పంచిన తీరు చాలా బాగుంది.

పడవను పైకి లాగేటప్పుడు ట్రక్కు వెనక చక్రాలు తడి కాంక్రీటు మీద, కొన్నిచోట్ల పాచి మీద ఉంటాయి. బాగా కట్టిన ర్యాంపులకి పట్టు కోసం అడ్డంగా గాళ్ళు కోసి ఉంచుతారు. ముందు చక్రాలతో నడిచే బండి ఇక్కడ సాయానికి రాదు, టంగ్ వెయిట్ బండి వెనక భాగాన్ని కిందికి వంచి ముందు చక్రాలని తేలిక చేస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్‌లో లో రేంజ్ ఉన్న బండి అయితే యాక్సిలరేటర్ మీద కాలు ఆనిస్తే చాలు, చక్రం జారకుండా పైకి వస్తుంది.

కాబట్టి టెక్సోమాకో, లూయిస్‌విల్‌కో వెళ్ళే కుటుంబానికి 20 అడుగుల లోపు పడవ అయితే నేను చూపించేది ఇది: ఎఫ్-150 లాంటి నాలుగు తలుపుల అర టన్ను ట్రక్కు, సాదా రకం, ఫోర్ వీల్ డ్రైవ్, 3.55 ఇరుసు, ఫ్యాక్టరీ టోయింగ్ ప్యాకేజీ. పది గేర్లు వచ్చాక ఆ చదునైన దారులకి 3.73 ఇరుసు కోసం వెతకాల్సిన పని తగ్గింది. ఏటా కొండల మీది సరస్సులకి వెళ్ళేవాళ్ళు మాత్రం అదే తీసుకోవాలి. మన లెక్కలోని 22 అడుగుల పడవా, నిండా మనుషులూ అయితే బరువు పంచే హిచ్ గురించి, అది సర్జ్ బ్రేకుతో కలిసి పనిచేసే రకమేనా అని అడగాలి. లేకపోతే ఎఫ్-250 తరగతికి వెళ్ళడం మంచిది. దానికైనా డీజిల్ అక్కర్లేదు, ఆ తరగతిలో డీజిల్ ఇంజన్ బరువే చీటీ మీది అంకెలోంచి కొన్ని వందల పౌండ్లు తినేస్తుంది.