ఎర్ర కాగితం చుట్టిన టార్చి

ఈ వారం నా ఫోన్‌కి వచ్చిన ఓ వీడియో చూశాక మనసు పాడైపోయింది. కుర్రాళ్లు ఓ దేవాంగ పిల్లిని పట్టుకుని, చుట్టూ మూగి, దాని కళ్లలోకి సెల్‌ఫోన్ లైట్లు కొడుతున్నారు. రాత్రి అడవిని అడవికి వదిలేయండని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు మొత్తుకున్నానో పాఠకులకు తెలుసు. ఇంకోసారి గట్టిగా చెబుదామనే కూర్చున్నాను.

పావుకిలో బరువుండే ఆ జంతువు కోతులకు దూరపు చుట్టం. తోక లేదు, దూకలేదు. పగలంతా ముళ్లపొదల్లో నిద్రపోయి, చీకటి పడ్డాక పురుగుల వేటకు బయల్దేరుతుంది. దాని కళ్లతో వశీకరణం మందు చేస్తామనే మోసగాళ్ల వల్ల ఎన్ని చచ్చాయో!

శేషాచలం కొండల కింద ఓ పల్లెలో దాన్ని నాకు చూపించిన పెద్దాయన గుర్తొచ్చాడు. టార్చికి ఎర్ర రంగు కాగితం చుట్టి, తోపు అంచున నన్ను నిలబెట్టాడు. "తొందరపడాకండి సామీ. కండ్లే చెప్తాయి యాడుండాదో" అన్నాడు. చాలాసేపటికి చింతకొమ్మల్లో రెండు కళ్లు నిప్పుకణికల్లా మెరిశాయి. వెనక కాళ్లతో కొమ్మను బిగించి పట్టుకుని, ఒంటిని మెల్లగా ముందుకు సాగదీసింది. ఆగింది. చటుక్కున రెండు చేతులూ చాచి పురుగును పట్టేసింది. పటుక్కుమని నమిలిన చప్పుడు కిందికి వినిపించింది. తర్వాత పక్క కొమ్మను ఓ చేత్తో పట్టి చూసుకుని, అది ఆగుతుందని నమ్మకం కుదిరాకే బరువు దానిమీదికి మార్చింది. తెల్లటి లైటు పడితే ఈ వేట సాగదు. ఎర్ర వెలుతురుకి అంతగా బెదరదు. పరిశోధకులూ ఎర్ర లైట్లే వాడతారు.

ఇది రాస్తుంటే నా పాత మాట మీద నాకే నమ్మకం సడలింది. ఆ రాత్రి నేను వెళ్లకపోతే, దూకలేని ప్రాణికి కొమ్మకూ కొమ్మకూ మధ్య సందు ఎంత ప్రమాదమో నాకు తెలిసేదా? కొమ్మల వరుస తెగిన చోట అది నేలకు దిగి రోడ్డు దాటాలి, లేదా కరెంటు తీగ పట్టుకోవాలి. తల్లి మేతకు వెళ్తూ పిల్లను కొమ్మమీద ఉంచి పోతుందని తెలియనివాళ్లు, దిక్కులేనిదనుకుని ఆ పిల్లను ఇంటికి తెచ్చేస్తారు.

2022లో తమిళనాడు ప్రభుత్వం కరూర్, దిండిగల్ జిల్లాల్లో 11,806 హెక్టార్లను ఈ జంతువు కోసమే అభయారణ్యంగా ప్రకటించింది. దేశంలో దీనికి ఇదే మొదటిది. అక్కడి పొదల్లో రాత్రుళ్లు ఓపిగ్గా తిరిగి చూసినవాళ్లు లేకపోతే, కాపాడాల్సింది ఏ నేలనో ఎవరికి తెలిసేది? బెంగళూరులోనూ మామూలు జనం పరిశోధకులతో కలిసి చెట్ల కింద నడుస్తూ వీటిని వెతికారు.

అందుకే ఈసారి వెళ్లి చూడమనే చెబుతున్నాను. అడవిలోకైతే అనుమతి తీసుకోండి. ఊరి తోపుల్లోనైనా ఎర్ర వెలుతురుతో, దూరంగా, మాటలు మాని చూడండి. ముట్టుకోకండి. పట్టుకోవడం చట్టప్రకారం నేరం. కంచె నరికే ముందు, రోడ్డు వెడల్పు చేసే ముందు ఒక రాత్రి వెళ్లి, ఏ కొమ్మలు కలుస్తున్నాయో గుర్తుపెట్టుకోండి. ఆ కొమ్మలు ఉంచండని పంచాయతీలో నిలబడి అడగడానికి కళ్లారా చూసినవాళ్లు కావాలి.