శాసనాన్ని చివరి నుంచి చదవాలి

చారిత్రక నవల రాయబూనినవాళ్లకు శాసనాల్లో విసుగు పుట్టించేది మొదటి సగం. రాజుగారి వంశం సూర్యుడి దగ్గరో చంద్రుడి దగ్గరో మొదలవుతుంది. బిరుదులు బారులు తీరతాయి. ఓడిపోయిన రాజు ఒక్కడూ కనిపించడు. ఓపిక పట్టి దానమిచ్చిన భూమి హద్దుల దాకా వెళ్తే అసలు ఊరు ఎదురవుతుంది: తూర్పున చింతచెట్టు, దక్షిణాన కుంట, పడమర పుట్ట, ఉత్తరాన పక్క ఊరికి పోయే బాట, ఇలాంటివి. ఎవరో ఎండలో తిరిగి చూసి చెబితే చెక్కిన వరస అది. మన పాత్రలు నడవడానికి అంతకన్నా మంచి దారి ఏముంది? చిట్టచివర శాపం ఉంటుంది. ఈ భూమిని కాజేసినవాడు 60,000 ఏళ్లు పెంటపురుగై పడి ఉంటాడని. అంత గట్టిగా శపించారంటే కాజేసేవాళ్లకు ఆ రోజుల్లోనూ కొదవ లేదన్నమాట.

ఈ వెనక నుంచి చదివే అలవాటుకు మోటుపల్లి శాసనం మంచి ఫలితం ఇస్తుంది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని ఆ రేవులో 1244లో కాకతీయ గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకు అభయమిచ్చాడు. తుపానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిన ఓడల్లోని సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారట. తాను మాత్రం కట్టిన సుంకానికి మించి ముట్టనన్నాడు. ఆ సుంకాల పట్టీలో చందనం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, పట్టునూలు, పగడాలు, రాగి, సీసం, మిరియాలు, పోకచెక్కలు. చదువుతుంటేనే రేవు వాసన ముక్కుకు తగులుతుంది. పట్టీలో మిరియం ఉందిగానీ మిరపకాయ లేదు, ఉండదు కూడా. అది పోర్చుగీసువాళ్లు వచ్చాక దిగిన సరుకు. కాకతీయ సైనికుడి చేత గొడ్డుకారం కలిపించిన నవల ఎంత రసవత్తరంగా ఉన్నా, నాకు అక్కడ ముద్ద దిగదు.

తేదీ పట్టుకోవడం మరో ముచ్చట. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం దాదాపుగా తేలుతుంది. తిథీ వారమూ కూడా చెక్కి ఉంటే, ఎల్.డి. స్వామికన్ను పిళ్లై గుణించిపెట్టిన పంచాంగ పట్టికల్లో చూసి రోజుతో సహా తేల్చవచ్చు. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం తేదీ అలా 1289 నవంబరు 27. రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే ఆయన అందులో భూమి దానం చేశాడు. రాణి మరణం గురించి చరిత్రకారులు పట్టుకున్న ఆధారం అదే. రుద్రమదేవి కాలం మీద ‘గోన గన్నారెడ్డి’ నవల రాసిన అడివి బాపిరాజు 1952లో కన్నుమూశారు. ఈ రాయి సంగతి బయటపడింది ఆ తర్వాతే. ఆయన చేతికి చిక్కి ఉంటే ముమ్మడిని ఊరికే వదిలేవారు కాదు.

ఇక కైఫీయత్తులు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య మొదలైనవాళ్లు ఊరూరా కరణాల కవిలెలు చూసి, పెద్దలను అడిగి సేకరించిన గ్రామ వృత్తాంతాలు ఇవి. అడవి ఎవరు కొట్టారు, గుడి ఎవరు కట్టారు, మాన్యం ఎవరిది, ఏ దండు వచ్చి ఊరు పాడైంది అన్నీ ఉంటాయి. ఏళ్లు తప్పుతాయి, రాజులు తారుమారవుతారు. చరిత్రకారుడికి అది తలనొప్పి. నవలాకారుడికి మాత్రం ఊరు తన గురించి తాను ఏమని చెప్పుకుందో తెలుస్తుంది. నా మటుకు శాసనం కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుంది. ఒక్కటే చిక్కు, ఈ రుచి మరిగితే నవల అటకెక్కుతుంది.

మళ్లీ శాసనాల దగ్గరికి వస్తే, వాటికి నకలు తీసే పద్ధతి ఒకటుంది. రాతి మీద తడి కాగితం పరిచి, అక్షరాల గాడిలోకి దిగేలా బ్రష్షుతో తట్టి, పైన సిరా అద్దితే నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు లేస్తాయి. గాడి సున్నంతోనో రంగుతోనో పూడిపోతే ఏ సిరా పనిచేయదు. మీ ఊరి గుడి గోడ మీద, చెరువు తూము దగ్గర అక్షరాలున్న రాయి కనిపిస్తే దయచేసి దానికి వెల్ల వేయనివ్వకండి. ఫొటో తీసి, మైసూరులోని పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపండి.